కందెన

దానియేలుకు ఆ చిన్న లారీ అంటే ప్రాణం. అది పత్తి వర్తకుడు జానకిరామయ్య గారిదే అయినా, మాచవరంలో అందరూ దానియేలు లారీ అనే అనేవారు. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు కరువై బస్సులు ఆగిపోతే, వెనక బొగ్గు పొయ్యి తగిలించుకుని, ఆ పొయ్యి గ్యాసుతో అదొక్కటే దగ్గుకుంటూ తిరిగేది. ఇప్పుడదీ మొరాయించింది. స్టీరింగు సగం చుట్టు తిప్పితే గానీ ముందు చక్రాలకు కబురందడం లేదు.

మొరాయించాల్సింది ఈ రోజేనా! అతని భార్య ఎస్తేరుకు నిన్నటి నుంచి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగిందని, గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని మంత్రసాని కాంతమ్మ చేతులెత్తేసింది. పిడుగురాళ్లలో గుంటూరు రైలు పొద్దున్నే వెళ్లిపోయింది. మళ్లీ రేపే.

మిల్లు ఇంజను బాగుచేసే అబ్దుల్ మజీద్ లారీ కింద దూరాడు.

"ఎట్టాగైనా బిగించు భాయ్, నీ కాళ్లు పట్టుకుంటా" అన్నాడు దానియేలు.

మజీద్ స్టీరింగు పళ్లుండే పెట్టె మీది స్క్రూ బిగించాడు. స్టీరింగులో ఊగులాట పోయింది. దానియేలు గుండె కుదుటపడింది. ఎస్తేరును ఎక్కించే ముందు వాగు మలుపు దాకా తోలి చూద్దామన్నాడు మజీద్. తిన్నగా పోయినంతసేపూ లారీ బుద్ధిగానే నడిచింది. మలుపులో తిప్పేసరికి స్టీరింగు బిగుసుకుపోయింది. ఇద్దరూ కలిసి లాగారు. లోపల ఏదో ఫట్‌మంది. లారీ నేరుగా పోయి మిరప చేలో దిగబడింది.

మజీద్ స్టీరింగు పెట్టె విప్పాడు. లోపలి పళ్లు నడిమధ్యలో అరిగి పలచబడ్డాయి. అంచుల్లో అరగనివి, స్క్రూ బిగించాక, మలుపులో పట్టేశాయి. రెండు విరిగి పడున్నాయి. అందులోని నల్లటి జిడ్డును వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది.

"ఇదేంది దానియేలూ? గ్రీజు కాదే?"

"ఈ కరువులో గ్రీజు యాడ దొరుకుద్ది భాయ్? కందెన పెడతన్నా. ప్రతి ఆదివారం, ప్రార్థనకు పోయే ముందు. మా అయ్య ఎద్దుల బండికి పెట్టేదే. గడ్డి కాల్చిన మసీ, ఆముదమూ."

"ఓరి నీ అమాయకం తగలెయ్యా! బండి ఇరుసుకైతే చెల్లుద్ది. ఈ సన్నపు పళ్లను ఆ మసి ఆకురాయి పెట్టినట్టు అరగదీసింది." దానియేలు మొహం చూసి మజీద్ గొంతు తగ్గించాడు. "కొత్తయి మద్రాసు నుంచి రావాల. నా చేతుల్లో ఏం లేదురా అబ్బాయ్."

దానియేలుకు ఏడుపు కూడా రాలేదు. ఒక్క వారం మానలేదే తను! జ్వరమొచ్చిన రోజు కూడా మానలేదే. ఎంత ముద్దుగా పెట్టుకున్నాడు! తన చేత్తోనే, వారం వారం, ఎస్తేరు దారి అరగదీశాడు.

ఇంటికి పరుగెత్తేసరికి తండ్రి పున్నయ్య బండికి ఎద్దుల్ని కట్టి, గడ్డి పరిచి, కోడల్ని పడుకోబెట్టించాడు. ముందు పిడుగురాళ్ల చేరితే, రేపటి రైలు. అప్పటిదాకా ఎస్తేరు ఆగాలి.

బండి కదిలింది. ఇరుసు కీచుమని అరిచింది. పున్నయ్య ఎద్దుల్ని నిలేశాడు.

"ఒరేయ్, ఆ అరుపుకి పిల్ల అదిరిపోతా ఉంది. కందెన పెట్టు."

కందెన గొట్టం బండి కిందే వేలాడుతోంది. దానియేలు చెయ్యి లేవలేదు.

"ఏందిరా అట్టా నిలబడ్డావ్? పెట్టరా!"

వేళ్లు ముంచి రెండు పక్కలా పూశాడు. బండి మళ్లీ కదిలింది. ఈసారి ఇరుసు చప్పుడు చెయ్యలేదు. ఎస్తేరు మూలుగు ఒక్కటే, ఇంకా బాగా వినపడుతోంది. ఎద్దులు వాటి నడక అవి నడుస్తున్నాయి. దానియేలు మసి చేతులతో వెనకే నడిచాడు.