కొవ్వు తీసేసిన సీసా

ఈ ల్యాబులో కాలేయ కణాలకు పద్దెనిమిదేళ్లుగా తిండి పెడుతున్నది నేనే. అందరూ నన్ను స్పిరిట్ అక్క అంటారు. ఏ సీసా ముట్టుకున్నా ముందు స్పిరిట్ గుడ్డతో తుడుస్తాను, అనుమానం తీరకపోతే ఇంకోసారి తుడుస్తాను. ఆ శుభ్రం పిచ్చే ఈసారి కొంప ముంచింది.

మా పరిశోధక పిల్ల రెండేళ్లుగా ఒక మందు వెంట పడింది. హెపటైటిస్ సి వైరస్ కాలేయంలోకి దూరకుండా ఆ మందు ఆపుతుందని పిల్ల నమ్మకం. శుక్రవారం మీటింగులో ఫలితం చూపించకపోతే పని ఆపేయమని పెద్ద డాక్టరుగారు తేల్చి చెప్పేశారు.

సోమవారం ఉదయం మైక్రోస్కోపులో చూసి పిల్ల గెంతులేసింది. వైరస్ సోకిన కణాలు పచ్చగా మెరవాలి. కణాలు పెంచే ప్లేట్లలో మందు వేయనివి మెరుస్తున్నాయి, వేసినవి చీకటిగా ఉన్నాయి. నన్ను కావలించుకుని ఊపేసింది.

నేనూ సంబరంగానే ఫ్రిజ్ తెరిచాను. కణాలకు తిండిగా పోసే రక్తపు తేట, అదే సీరం, సీసాలు రెండున్నాయి. ఒకటి మామూలుది, రెండోది వేరే పనికని తెప్పించిన, కొవ్వు తీసేసిన సీరం. మార్కరుతో రాసిన పేర్లు నా స్పిరిట్ దెబ్బకు ఎప్పుడో చెరిగిపోయాయి. మందు ప్లేట్లకు వాడిన సీసా తిప్పి అడుగున అచ్చు నంబరు చూశాను. మిగతావాటికి మామూలుది పోసి, మందు ప్లేట్లన్నిటికీ కొవ్వు లేనిదే పోశాను.

శుక్రవారం దాకా నోరు మూసుకుంటే పిల్ల గట్టెక్కుతుంది. కానీ ఆ మందును నమ్ముకుని రేపు ఎవరో రోగి మింగాలి. వెళ్లి చెప్పేశాను.

పిల్ల స్టూలు మీద కూలబడింది. చీకటి ప్లేట్లను దగ్గరికి లాక్కుంది.

"అక్కా, వాటికి కొవ్వు అసలు అందలేదా?"

"చుక్క కూడా అందలేదు. తిడితే తిట్టు."

తిట్టలేదు. కాగితం లాక్కుని బొమ్మ గీసింది. రక్తంలోని కొవ్వును లోపలికి తీసుకోవడానికి కాలేయ కణానికి తలుపులుంటాయట. ఈ వైరస్ దొంగ ఆ కొవ్వునే ఒంటికి చుట్టుకుని, అదే తలుపులోంచి దర్జాగా దూరిపోతుందట. కొవ్వు దొరకకపోతే వేషం లేదు, వేషం లేకపోతే లోపలికి దారి లేదు. పుస్తకాల్లో చదివిందే కానీ, కళ్లారా చూడటం ఇదే మొదలంది.

"ఆ తప్పు మళ్లీ చేసిపెట్టు అక్కా. ఈసారి పక్కనుండి రాసుకుంటాను."

మామూలు సీరంతో కొన్ని ప్లేట్లు, కొవ్వు లేనిదానితో కొన్ని పెట్టాం. రెండిట్లోనూ సగానికి మందు వేశాం. గురువారానికి తేలిపోయింది. కొవ్వు ఉన్నచోట మందు వేసినా వేయకపోయినా పచ్చదనమే. కొవ్వు లేనిచోట మందు లేకపోయినా చీకటే, అక్కడక్కడా రెండు చుక్కలు తప్ప. రెండేళ్ల మందు ఉత్తదని పిల్ల కాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని ఆ చీకటి ప్లేట్లు మళ్లీ మళ్లీ చూసుకుంది.

మీటింగులో పెద్ద డాక్టరుగారు చివరి బొమ్మ దగ్గర ఆగి, కొవ్వు తీసేసి చూడాలన్న ఆలోచన ఎవరిదని అడిగారు.

"అక్క గుడ్డది సర్," అంది పిల్ల.

కథంతా విని ఆయన పగలబడి నవ్వారు. మందు వదిలేసి ఆ తలుపుల సంగతి చూడమని ఇంకో రెండేళ్లు ఇచ్చారు. పిల్ల బల్ల కింద నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కణాలకు తిండి వేళయిందని లేచాను. సీసాల మీద పిల్ల అప్పటికే పేర్లు రాసి పైన టేపు అంటించేసింది. పేరు చదివి, సీసా తుడిచాను. ఒక్కసారే.