మూడో ప్రతిపాదన

బోస్నియాలో పోద్లిపా ఊరి హ్యాండ్‌బాల్ హాలు కురిసినంత ధారాళంగా ఆకాశం కూడా కురిసేది కాదు. బయట వాన వెలిసి ఎండ కాసినా, లోపల మాత్రం మర్నాటి దాకా పడుతూనే ఉండేది. ఆట మధ్యలో బకెట్లు పెట్టి, వాటి సందుల్లోంచి బంతి విసరడం నేర్చుకున్నారు అక్కడి ఆడపిల్లలు. వాళ్లు వేరే ఊళ్లలో పొడి నేల మీద ఆడినప్పుడు కూడా అలవాటుకొద్దీ లేని బకెట్లను తప్పించుకుంటూ పరిగెత్తేవారట. అది చూసి ఎదుటి జట్టుకి కళ్లు తిరిగి గోలు ఎటుందో మరిచిపోయేదట. ఇందులో సగం కోతలే అనుకున్నా మిగతా సగం నమ్మాలి. ఎందుకంటే ఆ పిల్లలకి ఆట నేర్పేది జుమ్రా.

జుమ్రా చేతులు చేటలంత ఉంటాయి. వయసులో ఉండగా గోలు కాసేది. ఓసారి ఆమె తోసికొట్టిన బంతి, ఎదుటి జట్టు బస్సెక్కి ఇంటికి చేరేలోపే వాళ్ల ఊరు చేరిందని చెప్పుకుంటారు. తర్వాత బడిలో డ్రిల్లు టీచరైంది. ఊళ్లో సగం మంది ఆమె ఈల విని పెరిగినవాళ్లే. ఇప్పుడు డెబ్బయ్యో పడిలో ఉన్నా, సాయంత్రం అయిదయ్యేసరికి ఈల మెళ్లో వేసుకుని హాల్లో ఉండాల్సిందే.

ఆ హాలు ఊరివాళ్లంతా నెలనెలా జీతంలోంచి కొంత కోయించుకుని, ఆదివారాలు ఇటుకలు మోసి కట్టుకున్నది. యుద్ధం రోజుల్లో ఇళ్లు తగలబడ్డవాళ్లు రెండు చలికాలాలు అందులోనే తలదాచుకున్నారు. పొయ్యిల్లోకి బెంచీలు పోయాయి, తలుపులు పోయాయి, గోలు స్తంభాలు కూడా పోయాయి. అడుగున పరిచిన ఓకు చెక్కల జోలికి మాత్రం ఒక్కరూ వెళ్లలేదు. చలికి పళ్లు టకటకలాడుతుంటే కూడా, ఇది పిల్లలు ఆడుకునే నేల, దీన్ని ముట్టుకోవద్దనుకున్నారు. జుమ్రాకి కావలసిందల్లా ఆ నేలే. గోడల రంగు పోనీ, కిటికీలు పోనీ, పిల్లల కాళ్ల కింద ఆ చెక్క ఉంటే చాలు.

అలాంటి హాలును ఏం చెయ్యాలో తేల్చడానికి మేయరు సెనాయిద్ పోటీ పెట్టాడు. సెనాయిద్ చెడ్డవాడేం కాదు. చిన్నప్పటినుంచీ ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ల వైపు తల ఊపే రకం, అంతే. ఈమధ్య గట్టిగా మాట్లాడుతున్నది రాజధాని నుంచి వచ్చిన ఒక కంపెనీ పెద్దమనిషి.

మునిసిపాలిటీ ఆఫీసులో రెండు బల్లల మీద రెండు అట్టబొమ్మలు నమూనాలుగా పెట్టి జనాన్ని చూడ్డానికి పిలిచారు. మొదటిది కంపెనీది. నాలుగంతస్తుల బజారు, పైన కార్ల చోటు, అన్నిటికన్నా అడుగున నేలమాళిగలో ఆటస్థలం. ఆ ఆటస్థలం నడిమధ్యలో, పైనున్న నాలుగంతస్తుల్ని మోస్తూ వరసగా స్తంభాలు. ఇన్నాళ్లూ బకెట్ల మధ్య ఆడారు కదా, ఇకమీద స్తంభాల మధ్య ఆడమంటున్నారని ఎవరో గొణిగారు. రెండోది ఒక పెద్ద ఆర్కిటెక్టుది. అదంతా గాజు, గుడ్డు ఆకారం. అందులో జ్ఞాపకాల గది, కాఫీ గది, ఇంకా 'స్వేచ్ఛగా కదిలే ప్రదేశం' అని ఒకటి.

జుమ్రా కళ్లద్దాలు పెట్టుకుని ఆ గుడ్డు చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"ఇందులో గోలు ఎక్కడ పెడతావు నాయనా?" అని అడిగింది.

గోలు అనేది పాతకాలపు ఆలోచన అని ఆర్కిటెక్టు మర్యాదగానే చెప్పాడు. మా పిల్లలకి ఆ సంగతి ఇంకా తెలీదులే, పోయినవారం కూడా పద్దెనిమిది వేశారు అంది జుమ్రా.

రెండు ప్రతిపాదనలకీ ఏ పోలికా లేకపోయినా ఒక్క మాట మాత్రం రెండిట్లోనూ ఉంది. పాత కప్పు బాగుచెయ్యడానికి పనికిరాదు, కాబట్టి హాలు పడగొట్టాలి.

ఆ మాట తప్పు అని చెప్పే కాగితం జుమ్రా దగ్గర ఉంది. ఆమె దగ్గర ఆడి, ఇప్పుడు పెద్ద ఊళ్లో ఇంజనీరుగా ఉన్న అల్మాసా కప్పెక్కి చూసింది. దూలాలు గట్టిగా ఉన్నాయి, పోయింది పై రేకులూ వాటి కింద చెక్క పట్టీలే అని గీసి, సంతకం పెట్టి ఇచ్చింది. జుమ్రా దాన్నే మూడో ప్రతిపాదనగా వేసింది. తీరా చూస్తే దానికి బల్ల కూడా వెయ్యలేదు. కిటికీ గట్టు మీద పూలకుండీ కింద పెట్టారు.

ఆమె నేరుగా మేయరు దగ్గరికి వెళ్లింది. అతను లేచి నిలబడ్డాడు. ఆమెను చూస్తే లేచి నిలబడని మగవాడు ఆ ఊళ్లో లేడు.

"టీచర్, నామీద కోపం తెచ్చుకోకండి. పోటీకి నిబంధనలుంటాయి. నమూనా లేని ప్రతిపాదన లెక్కలోకి రాదు."

"నమూనా కావాలా?"

"తప్పదు. గురువారం కౌన్సిలు కూర్చునేలోపు."

"ఎంత కొలతకి ఉండాలి?"

"కొలతదేముంది, మీ ఇష్టం" అన్నాడు సెనాయిద్, గండం గడిచిందనుకుని.

ఆ ఊళ్లో జుమ్రాతో ఎవరూ అనని మాట అది. మీ ఇష్టం అని ఆమెతో అన్న చివరి మనిషి ఆమె పెళ్లికొడుకు. పాపం, పెళ్లినాడు కూడా జట్టు రైలు తప్పిపోతుందని ఆమె పరుగెడుతుంటే, విందు పొట్లం చేతపట్టుకుని స్టేషను దాకా వెనకే పరిగెత్తాడు.

ఇంటికొస్తూ దారిలోనే అల్మాసాకి ఫోన్ చేసింది. "నమూనా అడిగారే. కడదాం. హాలు మీదే, అసలు కొలతకే కడదాం" అంది.

తర్వాత స్తీపో ఇంటికి వెళ్లింది. స్తీపో కప్పులు వేసే మేస్త్రీ. మసీదు కప్పూ అతనే వేశాడు, చర్చి కప్పూ అతనే వేశాడు. రేపు పైకెళ్తే ఎవరి వైపు కూర్చోబెట్టాలో తేలక వాకిట్లోనే నిలబెడతారనీ, ఆ ఖాళీలో అక్కడి కప్పు కూడా చూసి వంకలు పెడతాడనీ ఊళ్లో వేళాకోళం. జుమ్రా చెప్పింది విని, మునిసిపాలిటీ అనుమతి ఉందా అని అడిగాడు. మేయరే మీ ఇష్టం అన్నాడని చెప్పింది. సరే, ఆదివారం అన్నాడు స్తీపో.

ఆదివారం మోబా అన్న కబురు పాకింది. ఎవరి ఇంటికైనా కప్పు వేస్తుంటే పిలవకుండానే ఊరంతా పనికి దిగడాన్నే అక్కడ మోబా అంటారు. కూలి ఉండదు, కడుపునిండా భోజనం ఉంటుంది. రంపపు మిల్లు నుంచి చెక్క పట్టీలు వచ్చాయి. రేకులు ఎక్కడెక్కడివో వచ్చాయి. ఒకడు కట్టబోయే పశువుల కొట్టం ఈ ఏడు ఆగినా పరవాలేదన్నాడు. దాంతో ఆవులకి కోపమొచ్చి వారం పాటు పెరుగు తోడుకోకుండా చేశాయని అతని భార్య తిట్టిందట. తెల్లవారేసరికి రెండు గొర్రెలు ఊచకెక్కి మంటల మీద తిరుగుతున్నాయి. పాత రేకులు దిగుతుంటే తుప్పు ఎర్రటి ధూళై లేచి, కింద నిలబడ్డ తెల్లగుర్రం ఒకటి ఎర్రగుర్రమై ఇల్లు చేరింది.

మధ్యాహ్నానికి వెన్నుదూలం మీద ఆఖరి రేకు పడింది. ఇక అక్కడి ఆచారం ప్రకారం జనం చొక్కాలూ తువ్వాళ్లూ దుప్పట్లూ తెచ్చి నిచ్చెన దగ్గర ఇవ్వడం మొదలుపెట్టారు. ఒక్కొక్కటీ చేతులు మారుతూ పైకి వెళ్తుంది. మేస్త్రీ దాన్ని వెన్నుదూలం మీద తాడుకి కట్టి, ఇచ్చినవాళ్ల పేరు లోయంతా వినబడేలా కేకవేస్తాడు. అలా పేరు పలికించుకున్నవాడు ఆ కప్పుకి చుట్టమైపోతాడు. ఇచ్చిన బట్ట వెనక్కి తీసుకున్నవాడు పోద్లిపా చరిత్రలో లేడు.

సరిగ్గా అప్పుడు మేయరు జీపు వచ్చింది. వెంట ఒక పోలీసు. పని ఆపమని సెనాయిద్ కిందనుంచి అరిచాడు. స్తీపోకి మామూలుగా అరమైలు దూరాన గ్లాసులో సారా పోస్తే వినబడుతుంది. ఆరోజు మాత్రం ఏమీ వినబడలేదు. వెళ్లి దింపవయ్యా అని మేయరు పోలీసుతో అన్నాడు. అతను తల గోక్కుని, పైన ఊగుతున్న నీలం చారల తువ్వాలు చూపించి, అది మా ఇంట్లోదేనండి, పొద్దున మా ఆవిడ ఇచ్చింది అన్నాడు.

ఇక లాభం లేదని మేయరు తనే నిచ్చెన పట్టుకున్నాడు. ఎండ మాడుస్తోంది. కొత్త కోటు భుజాల దగ్గర బిగుతు, చెయ్యి పైకెత్తితే కుట్లు పుటుక్కుమంటున్నాయి. కోటు విప్పి, పట్టుకోవడానికి ఎవరైనా ఉన్నారా అని పక్కకి చూశాడు. పక్కన జుమ్రా రెండు చేతులూ చాచి నిలబడి ఉంది. ఆమె చెయ్యి చాస్తే చేతిలో ఉన్నది ఇచ్చెయ్యడం అతనికి మూడో తరగతి నుంచీ అలవాటు. ఇచ్చేశాడు.

ఏళ్ల తరబడి గోలు కాసిన మనిషి. చేతిలోకి వచ్చింది ఎలాంటి బంతో ఆమెకి ఆ క్షణమే తెలిసింది. కోటును తన వెనక ఉన్నవాడికి అందించింది. వాడు పైవాడికిచ్చాడు. మేయరు మూడో మెట్టు మీద ఉండగానే అతని కోటు అతన్ని దాటుకుని పైకి పోయింది.

"దేవుడు చల్లగా చూచుగాక!" అని పైనుంచి స్తీపో గొంతెత్తాడు. "మన మేయరు, ముస్తఫా కొడుకు సెనాయిద్, ఈ కప్పుకి తన ఒంటిమీది కోటు విప్పి ఇచ్చాడు. పట్టు లోపలిగుడ్డ. ఆయన ఇల్లు ఎన్నడూ కురవకుండుగాక!"

కింద జనమంతా చప్పట్లు కొట్టారు. సెనాయిద్ మెల్లగా మూడు మెట్లూ దిగాడు.

"టీచర్, అది నేను ఇచ్చింది కాదు. పట్టుకోమన్నాను."

"నీ చేత్తో నాకు ఇచ్చావా, లేదా?"

"ఇచ్చాను."

"ఎక్కడ నిలబడి?"

సెనాయిద్ నిచ్చెన వైపు చూశాడు.

"కౌన్సిల్లో నాకు ఎంత ఇబ్బందో మీకు తెలీదు" అన్నాడు గొంతు తగ్గించి.

"తెలుసురా అబ్బాయ్. నాకున్న ఇబ్బంది నీకు చెప్తా విను. పక్క ఊరి హాలు బజారై పన్నెండేళ్లయింది. అక్కడిప్పుడు చెప్పులు దొరుకుతాయి, గాజులు దొరుకుతాయి, హ్యాండ్‌బాల్ ఆడే పిల్ల ఒక్కతీ దొరకదు. నా పిల్లలకి అలా జరగనివ్వను. గురువారం మీరు పడగొట్టమని చేతులెత్తినా సరే, నేను ఆ నేల మీద కుర్చీ వేసుకుని కూర్చుంటా. నన్ను లేపడానికి మాత్రం నువ్వే రావాలి. పోలీసుని పంపకు, వాడి తువ్వాలు పైనుంది."

పోలీసు నేల చూపులు చూశాడు.

మేయరును బల్ల దగ్గర కూర్చోబెట్టారు. పేరు పలికించుకున్నవాడు తినకుండా వెళ్తే ఇంటికి కీడు. రొట్టె, ఉల్లిపాయలు, వేడి మాంసం ముందు పెట్టారు. అతను ఇంకా తుంచలేదు, పైన వెన్నుదూలం మీద ఫోన్ మోగడం మొదలైంది. కోటు జేబులోది. ఒకసారి ఆగి మళ్లీ మోగింది. చేస్తున్నది ఎవరో అందరికీ తెలుసు. కంపెనీ పెద్దమనిషికి కబురు అందినట్టుంది.

స్తీపోకి ఇప్పుడు చెవులు బాగానే పనిచేస్తున్నాయి. "సెనాయిద్, నీకేరా. దించమంటావా కోటు?" అని పైనుంచి అడిగాడు.

నవ్వులన్నీ ఆగిపోయాయి. గొర్రెను తిప్పుతున్నవాడు కూడా ఊచ ఆపి చూస్తున్నాడు. దించమంటే దించాల్సిందే, ఇచ్చినవాడి నోటి మాట అది. జుమ్రా చేతులు కట్టుకుని అతన్నే చూస్తోంది. సెనాయిద్ పైకి చూశాడు. చొక్కాల మధ్య అతని బూడిదరంగు కోటు గాలికి చేతులాడిస్తోంది. ఫోన్ మూడోసారి మోగింది.

"ఉండనీ మేస్త్రీ" అన్నాడు. "మోగీ మోగీ అదే ఆగుతుంది."

అని రొట్టె తుంచాడు.

జుమ్రా అతనికి థాంక్స్ చెప్పలేదు. ఆమె లెక్కలో అదింకా ఒక్క గోలు ఆపడమే, ఆట మిగిలే ఉంది. గురువారం పనులు మానుకుని కౌన్సిలు ముందుకి అందరూ రావాలనీ, వచ్చేటప్పుడు నిచ్చెనలు కూడా తెచ్చుకోవాలనీ బల్లబల్లకీ తిరిగి చెప్పింది. నిచ్చెనలెందుకని ఎవరో అడిగితే, మునిసిపాలిటీ కప్పు కూడా ఓసారి చూద్దామంది.

అయిదైంది. ఈల ఊదింది. ఆడపిల్లలు మూతులు తుడుచుకుంటూ, ఎముకలు కుక్కలకి విసిరేస్తూ లోపలికి పరిగెత్తారు. పొట్టనిండా తిన్నామని, ఇవాళ్టికి వదిలెయ్యమని ఒకత్తి బతిమాలింది.

"వదలను" అని జుమ్రా తలుపు తీసింది.