బదులు పాట

తాయమ్మ జావను రెండోసారి గుడ్డలో వడగట్టింది. ఒక్క నూక అడ్డుపడినా భర్త మునెయ్యకు దగ్గొచ్చి ఊపిరాడదు. జావ చల్లార్చి, గ్లాసులో పోసి ఆయన చేతికిచ్చి, తాగినంతసేపూ మెడవైపే చూస్తూ కూర్చుంది. ఎర్ర మఫ్లరు వెనక గొంతుముడి పైకి పోయి, కాసేపు అక్కడే నిలబడి, కష్టంమీద కిందికి దిగింది.

"బిన్నా తాగు మామా, రైలు పోతాది," అంది. మళ్ళీ తనే భయపడి, "వొద్దులే, నిదానంగా తాగు. రైలు పోతే పోనీ," అంది.

ఆ రోజు చంద్రగిరిలో రోడ్డుపక్క చింతచెట్ల కాపు వేలం. వేలాల్లో పాట పాడడమే మునెయ్య పని. తనకోసం మాత్రం ఎన్నడూ పాడలేదు. వాళ్ళూరు పాకాల వ్యాపారులు తాము ఎదురుగా నిలబడితే అవతలివాళ్ళు పంతానికి ధర పెంచుతారని, ఎంతదాకా పోవచ్చో ఆయన చెవిలో చెప్పి టీకొట్టు దగ్గర నిలబడేవాళ్ళు. ఎదుటివాడు ఒక మెట్టెక్కితే మునెయ్య ఒక్క మెట్టే ఎక్కేవాడు. చెప్పిన హద్దు రాగానే నోరు మూసుకునేవాడు. మామిడితోపులు, సంత గేటు వసూళ్ళు, చెరువులో చేపలు, అన్నీ పాడాడు. సంతలో ఈ చివర ఆయన గొంతెత్తితే ఆ చివర మేకలు తలలెత్తి చూసేవి.

ఆ హద్దు ఎంతో ఇంట్లో కూడా చెప్పేవాడు కాదు. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు తాయమ్మ ఊరికే తెలుసుకుందామని అడిగింది. "అది నా సొత్తు కాదుమే," అన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

పోయిన ఏడు గొంతు బొంగురుపోయింది. దుమ్మనుకున్నారు, తర్వాత బీడీ అనుకున్నారు. వేలూరులో డాక్టర్లు గొంతులో అద్దం పెట్టి చూసి, తాయమ్మను బయట కూర్చోమన్నారు. బయట కూర్చోమన్నప్పుడే ఆమెకు తెలిసిపోయింది. ఇప్పుడు ఆయనకు మిగిలింది చెవి దగ్గర పెడితేగాని వినబడని గుసగుస. పాట నోటితోనే పాడాలంటారు గుమాస్తాలు. అందుకని తాయమ్మ ఆయన నోరయింది. ఆయన ఆమె ఎడమచెయ్యి పట్టుకుని పక్కన నిలబడతాడు. ఒకసారి నొక్కితే ఇంకో నూరు. చెయ్యి వదిలేస్తే హద్దు వచ్చినట్టు, ఆగిపోవాలి. ఆగకుండా ఒక్కమాట ఎక్కువ అంటే ఏమవుతుందోనని వేలానికి ముందురోజు నుంచే ఆమెకు కూడు సయించదు.

చంద్రగిరిలో పంచాయతీ ఆఫీసు మెట్లమీద గుమాస్తా నిలబడ్డాడు. చిత్తూరువాళ్ళ తరఫున పాడే వరదయ్య ఆమెను చూసి నవ్వాడు.

"ఏం వొదినా, ఇంటికాడ అన్నకు నోరు లేకుండా సేసినావు. ఈడగూడా నువ్వేనా?"

"నీ పెండ్లాం మంచిది వరదయ్యా. అరిసేదానికైనా నీకు నోరు మిగిల్చింది."

గుంపు గొల్లున నవ్వింది. మునెయ్య భుజాలు కదిలాయి. నవ్వితే ఎక్కడ దగ్గొస్తుందోనని తాయమ్మ ఆయన మెడవైపు చూసింది.

పాట మొదలైంది. వరదయ్య పెంచాడు. చేతిమీద నొక్కు పడింది. "ఇంకో నూరు," అంది తాయమ్మ. మళ్ళీ పెంచాడు, మళ్ళీ నొక్కు. ఆమె ఎదుటివాళ్ళ ముఖాలు చూడదు. నేలమీద ఎవరివో తెగిన చెప్పులు కనబడితే వాటినే చూస్తూ, చేతిని మాత్రం వింటుంది. ఉన్నట్టుండి ఆ వేళ్ళు సడలిపోయాయి. ఆమె నోరు మూసుకుంది.

"ఒకటోసారి," అన్నాడు గుమాస్తా.

టీకొట్టు దగ్గర వ్యాపారి తిరుమలయ్య మెడ సాచి చూస్తున్నాడు.

"రెండోసారి."

వేళ్ళు మళ్ళీ బిగిశాయి. "ఇంకో నూరు," అని తాయమ్మ అరిచిన అరుపుకు గుమాస్తా కాగితాలు జారవిడిచాడు. వరదయ్య తలాడిస్తూ వెనక్కి తగ్గాడు.

తర్వాత తిరుమలయ్య వచ్చి, "ప్రాణం తీసినావు కదమ్మా. యాల ఆపినావు?" అన్నాడు.

"ఆయన సెయ్యి వొదిలినాడనుకున్నానన్నా."

మునెయ్య ఆమెను పక్కకు వంచి చెవిలో చెప్పాడు. "వొదల్లేదు. పట్టు జారింది. ఈసారి జారితే రవ్వంతసేపు సూడు. మళ్ళీ పట్టుకుంటా."

పట్టెందుకు జారిందని ఆమె అడగలేదు. అడిగితే ఏం చెప్తాడోనని భయం. ఆయన చేతివేళ్ళు మాత్రం ఒక్కొక్కటీ తడిమి చూసింది. ఎండలో నిలబడి వచ్చినా చల్లగా ఉన్నాయి.

అక్కణ్ణించి బస్సులో తిరుపతికి పోయారు. కూతురు కోమలి రైల్వేస్టేషను దగ్గర ఇంటర్‌నెట్టు సెంటర్లో పనిచేస్తోంది. నాయన చెప్పిన పనికోసం ఒక కంప్యూటరు ఖాళీగా పెట్టి ఉంచింది. తెరమీద ఒక సెల్‌ఫోను బొమ్మ. ఎవరో వాడిన ఫోను. బెంగళూరాయన ఇంటర్‌నెట్టులో వేలానికి పెట్టాడు.

"ఎవురికిది?" అంది తాయమ్మ.

"నీకే," అంది కోమలి.

తాయమ్మకు డబ్బు గుర్తొచ్చింది. మందులకు కావద్దా, మాత్రలకు కావద్దా. పైగా ఫోను చెవిలో పేలుతుందని ఎవరో చెప్పారు. "మాట్లాడలేనోడివి, నాకు ఫోనేంది మామా?" అని ఆయన్ను నిలదీసింది.

ఆయన ఆమె తలను దగ్గరికి లాక్కున్నాడు. "పోయిన తావునించి మోగిస్తాను. నువ్వు ఎత్తొద్దు. మోగితే నేనుండానని."

గొంతున్న రోజుల్లో ఒకసారి సత్యవేడు సంతకు పోయి రైలు అందక ఆయన మర్నాడు వచ్చాడు. ఆ రాత్రంతా ఆమె రైలుగేటు దగ్గరే నిలబడింది. తెల్లారి ఆసుపత్రిలో, ఆ తర్వాత పోలీసుస్టేషన్లో అడిగి, ఏడ్చి ఇల్లు చేరేసరికి ఆయన అరుగుమీద కూర్చుని చుట్టుపక్కలవాళ్ళకు సంత కబుర్లు చెప్తున్నాడు. అప్పటినుంచి వేలం ఉన్న ప్రతి సాయంత్రం ఆమె గేటు దగ్గరే నిలబడేది. గేటుకాపరి ఆమెను చూసి రైలు వేళ చెప్పేవాడు. ఆయనేమో ఎప్పుడూ నవ్వేసేవాడు. ఇన్నేళ్ళూ అదంతా మనసులో పెట్టుకున్నాడని ఆమెకు తెలియదు.

"అట్లయితే ఇంకోడు పెంచినప్పుడల్లా మనం ఈడ కూసోని ఉండాల్నా?" అంది కూతురితో.

"వొద్దుమా. నాయన హద్దు సెప్పేస్తే సాలు. అవతలోడు ఒక మెట్టు పెంచితే ఇది ఒక్క మెట్టే పెంచతాది. హద్దొస్తే గమ్మునయిపోతాది. అదెంతో ఎవురికీ సెప్పదు. మనం పండుకోనున్నా అది పాడతానే ఉంటాది."

మునెయ్య తెరకేసి వంగి చూశాడు. వెనక్కి తిప్పితే ఆ పెట్టెలో ఎవరైనా కనబడతారేమో అన్నట్టు పక్కకు కూడా వంగాడు. తర్వాత గుసగుసగా అన్నాడు. "నాలాంటోడే ఉండాడు లోపల."

"వాడికి దగ్గుండదులే నాయనా," అంది కోమలి, అని నాలుక కరుచుకుంది. మునెయ్య మాత్రం నవ్వాడు.

హద్దు కొట్టే చోటు చూపించగానే ఆయన వేలు గాలిలో గుండ్రంగా తిప్పాడు. అటు తిరగమని. కోమలి తిరిగింది. తాయమ్మ తిరగలేదు.

"నేను గూడానా?"

ఆయన మళ్ళీ వేలు తిప్పాడు. ఆమె గోడవైపు తిరిగి, పోయిన నెల చూపిస్తున్న క్యాలెండరును చూస్తూ నిలబడింది. వెనక ఒక్కో మీట టక్కుమనడం వినబడింది. మధ్యలో చాలాసేపు ఆగాడు. మళ్ళీ ఒకటి టక్కుమంది.

సాయంత్రం ప్యాసింజరు ఎక్కారు. ఆయనకు కిటికీ పక్కన చోటు దొరికింది. తాయమ్మ ఆయన మఫ్లరు సర్ది, గాలి తగలకుండా తన కొంగు కూడా చుట్టింది. చంద్రగిరి కోట కొండ వెనకబడింది. పొద్దున తాము పాడిన చింతచెట్లు దూరంగా కనబడితే ఆయన గడ్డంతో చూపించాడు. ఆమె ఎడమచెయ్యి ఆయన చేతిలోనే ఉంది. అలవాటు.

కాసేపటికి ఒకసారి నొక్కాడు.

"ఏం మామా? ఇంకో నూరా?" అంది.

ఆయన కళ్ళు మూసుకునే పెదవులు కదిపాడు. నవ్వనుకుంది.

పనపాకం దాటాక వేళ్ళు సడలాయి. తాయమ్మ చెయ్యి తీయలేదు. పట్టు జారితే రవ్వంతసేపు చూడమన్నాడు కదా. చూసింది. వేరుశనక్కాయల మనిషి వచ్చి పోయాడు. ఎదుటి సీట్లో పసిబిడ్డ ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. ఒకటోసారి అనేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. మళ్ళీ పట్టుకుంటానన్నాడు. అన్నిటికీ ముందే భయపడే మనిషి, ఆ కాసేపు మాత్రం భయపడలేదు. పాకాలలో రైలు ఆగి, జనం దిగిపోయి, బిడ్డను భుజాన వేసుకున్న ఆడమనిషి "దిగరా అక్కా?" అని ఆయన ముఖం చూసి ఆగిపోయేదాకా తాయమ్మ అలాగే కూర్చుని ఉంది.

కర్మకాండలన్నీ అయిపోయాక కోమలి తిరుపతికి పోయి, మళ్ళీ వచ్చినప్పుడు ఒక అట్టపెట్టె తెచ్చింది.

"మనం నాయన్ను ఎత్తుకోనిపోయిన రోజుగూడా ఆ కంప్యూటరు పాడతానే ఉండిందిమా. యాడోడో ఒకడు ఆపకుండా పెంచినాడు. ఇదీ మెట్టు మెట్టుగా పెంచింది. కడాకు వాడే ఆపేసినాడు."

తాయమ్మ పెట్టెను ఒళ్ళో పెట్టుకుంది. "మీ నాయన ఎంతదాకా పెట్టినాడు?"

"గెలిసిన కాడికే సూపిస్తాది. దానిపైన ఎంత ఉండిందో పాట అయిపోయినాక సెరిపేస్తాదంట."

తాయమ్మ పెట్టె తెరిచి ఫోను బయటికి తీసింది.

కోమలి రోజూ సెంటరు నుంచి ఒకసారి మోగించి పెట్టేస్తుంది. తాయమ్మ ఎత్తదు. మిగతా పొద్దంతా ఫోను గూట్లో, మడతపెట్టిన ఎర్ర మఫ్లరుమీద ఉంటుంది. రైలు వచ్చే వేళకు ఆమె దాన్ని చార్జింగు నుంచి తీసి ఎడమచేత్తో పట్టుకుంటుంది. తీసిన కాసేపు అది వెచ్చగా ఉంటుంది.