కొండగెడ్డవలస కొళాయి

జ్యేష్ఠమాసపు మార్తాండుడు ప్రచండకిరణనికరముచే పర్వతసానువుల నెల్ల మాడ్చివైచుచు తరులతాగుల్మములను శుష్కపర్ణావశిష్టములుగా నొనర్చుచు గిరినిర్ఝరములను శిలామాత్రశేషములు గావించుచున్న యొకనాటి పూర్వాహ్ణమున, రెండువేల ముప్పదవ సంవత్సరమునకు సమస్తమానవులకును నిర్మలజలము లభింపవలయునని సకలదేశములును గూడి చేసికొనిన ప్రతిజ్ఞ యేమేరకు నెరవేరెనో లెక్కించి తెలుపు నుద్యోగినియగు నీలవేణి ట్యాబు చేతబూని కొండగెడ్డవలసకు వచ్చెను.

ఊరి నడుమ పొట్టి సిమెంటు ట్యాంకును దాని కొక కొళాయియు నుండెను. పసుపుకుంకుమాలంకృతమైన యా కొళాయిని సింహాలమ్మ యను వృద్ధురాలు త్రిప్పినతోడనే శీతలజలధార యురికెను. నీలవేణి మిక్కిలి సంతసించి లక్ష్యము సిద్ధించెనను గడియందు గుర్తు పెట్టెను. ఆ గుర్తు నిలిచెనేని నీటి మోటారు బాగుచేయవలసిన గ్రామముల జాబితానుండి యా యూరు తొలగును. మరల లెక్క మూడేండ్లకు గాని రాదు. పాపము, ఈ సంగతి యూరివారిలో నొక్కరికిని దెలియదు.

ఇంతలో ధార సన్నగిల్లి నిలిచిపోయెను. గోడకు జేరగిలబడి యెనిమిదవ మాసపు గర్భభారమున నాయాసపడుచున్న సింహాలమ్మ కోడలు బంగారి ఖాళీకడవ నెత్తుకొని లేవబోయెను. నీలవేణి యామెను వారించి కారణ మడిగెను.

"ట్యాంకులో నీళ్లయిపోనాయమ్మా," అనెను సింహాలమ్మ. "మోటారు కాలిపోయి ఏడాదయ్యింది. సుట్టంలాగ మీరు మా ఊరొస్తన్నారని కబురొచ్చింది, కొళాయి ఎండిపోయుంటే మాకు సిన్నతనం గదా. తెల్లారగట్ల ఆడోళ్లందరం కొండ కింద గెడ్డ ఊటకాడ నుంచి మోసి నింపినాం."

"ఈ అమ్మాయి కూడా మోసిందా?"

"నాలుగు కడవలు."

దీనిని మోసమనువా రనెదరు గాక. వచ్చినవారి యెదుట తమ యూరు తలవంచుకొనరాదని నిండుచూలాలు సైతము కొండ దిగి యెక్కిన యా మర్యాదకు మోసమను పేరు చెల్లదు. నీలవేణి ట్యాబును మరల తెరచెను. ఆమె తాను పెట్టిన గుర్తును దుడిచివైచెను.

"ఏటి రాసినారమ్మా?"

"నీళ్లు లేవని రాశానమ్మా. అలా రాస్తేనే మోటారు బాగుచేస్తారు."

సింహాలమ్మ ముఖము చిన్నబోయెను.

"మరి మేం మోసినవి నీళ్లు కావేటమ్మా?"

నీలవేణి ట్యాబును సంచిలో నుంచి బంగారి చేతి కడవను దాను గైకొని వాగునకు దిగు గెడ్డత్రోవ పట్టెను. సుట్టంచేత నీళ్లు మోయిస్తామేటని సింహాలమ్మ వెంటబడి వచ్చినను నిలువలేదు. ఖాళీకడవతో సగము దూరము దిగునప్పటికే యామె కడవను రెండుమారులు చంక మార్చుకొనెను. నిండుకడవతో నెక్కుట యింకను మిగిలియుండెను.