ఏడు గాజుల నీడ

"గాజులోడొచ్చె, గంప దించె, సిన్ని సెయ్యి సాపమనె…" ఆ పైన ఏముందో సుబ్బలక్ష్మమ్మకు గుర్తు రాదు. చిన్నప్పుడు కోసిగిలో సెనిక్కాయలు ఒలుస్తా పాడిన పాట.

అదే కూనిరాగం తీస్తా కొడుకు తెల్లపంచెను గోడకు మేకులతో కొట్టి, బల్ల మీదికి జారేట్టు పరిచింది. అటొక బల్బు, ఇటొక బల్బు, కర్నూలు బజారులో తెచ్చిన మామూలువే. వాటి ముందు నూనె కాగితం, ఎదురుగా ఫ్రిజ్ డబ్బాలో వచ్చిన థర్మాకోల్ అట్ట. నడుమ కత్తి. కొడుకు నరసింహ కొలిమిలో చేసిన కత్తులకు మనవరాలు శివజ్యోతి సెల్లుతో ఫోటోలు తీస్తుంది, జనం ఫోన్లో చూసి కొంటారు. అరవై దాటినాక అక్షరాలు నేర్చిన సుబ్బలక్ష్మమ్మ ఒక్కో కత్తికి చీటీ రాసి కడుతుంది.

"రెండు పక్కలా ఎలుగు పడితే నీడ ఉండగూడదు జేజీ," అంటుంది జ్యోతి.

ఆ ఇంటి కత్తులకు మాత్రం ఉంటుంది. కత్తి కదలదు. నీడ లేచి, ముందుముందు ఆ కత్తి చేయబోయే పని చేసి చూపిస్తుంది. ఒకటి ఉల్లిగడ్డలు తరుగుతుంది. కటికె కరీం చేయించుకున్నది పొట్టేలు తొడను మూడు దెబ్బల్లో నరుకుతుంది. సుబ్బలక్ష్మమ్మ చీటీ మీద 'ఉల్లిగడ్డ', 'పొట్టేలు' అని రాస్తుంది. పని ముగిసి నీడ పోయినాక జ్యోతి ఫోటో తీస్తుంది. అంతే.

జ్యోతి కడపలో మొగుణ్ణి వదిలేసి వచ్చి రెండు నెలలు. వచ్చినరోజు, వాడు కొడితే నోట్లోంచి రాలిన పళ్ళు రెండు కొంగున కట్టుకొచ్చింది. వాడు తొడిగిన గాజులు మాత్రం తీయలేదు. ఆ మొగుడు వసంతకుమార్ దినామూ ఫోన్ చేస్తాడు: "వస్తావా, వచ్చి నరకల్నా?"

బేస్తవారం పొద్దున కొమ్మలు నరికే మచ్చుకత్తిని బల్ల మీద పెట్టినారు. నీడ లేచింది. దాని కింద ఒక చేయి నీడ, మణికట్టుకు ఏడు గాజులు. ఒక్కటే దెబ్బ. గాజులు ఎగిరినాయి. రెండు వేళ్ళు పంచె అంచు దాకా దొర్లి ఆగినాయి.

జ్యోతి తన చేయి చూసుకుంది. ఏడు.

"గాజులు పగిలినాయి జేజీ."

"పగిలినాయనగూడదు పాపా. పెరిగినాయనల్ల."

"దీన్ని తీసకపోయి కాలవలో పారేద్దాం."

"మీ నాయన ఒకసారి పారేసినాడు గదా. ఆ పని ఇంకో కత్తి చేసింది."

సుబ్బలక్ష్మమ్మ శానాసేపు పంచెనే చూసింది. నీడలో చేయి ఉండింది, గాజులు ఉండినాయి. చేతికి ముడతలున్నాయో లేవో నీడ చెప్పలేదు.

"నీ గాజులు నాకియ్యి."

"తాత పోయి ఇరవై ఏండ్లాయ. ఇప్పుడేం సోకు జేజీ?"

"సోకే. తియ్యి."

సబ్బు నురగ రాసి ఏడూ ఎక్కించుకుంది.

"ఇంగ ఆ కత్తి ఇట్లియ్యి, దాచిపెడతా," అనింది జ్యోతి.

ఆ ఇంట్లో కత్తిని చేతికి చేయి ఇయ్యరు, తగువులొస్తాయని. సుబ్బలక్ష్మమ్మ అలవాటు కొద్దీ నేల మీద పెట్టింది. జ్యోతి వంగేలోపల వాకిట్లోంచి వచ్చిన చేయి దాన్ని తీసుకుంది.

"యాడ దాంకుంటావే నా నుంచి?" వసంతకుమార్.

థర్మాకోల్‌ను తన్నినాడు. ఒక బల్బు పడి పేలింది. జ్యోతిని జుట్టు పట్టి బల్లకేసి కొట్టినాడు, ఇంకోసారి కొట్టినాడు. ఆమె నోటి రక్తం తెల్లపంచె మీద చిందింది. ఆమె చేయి బల్లకు అదిమిపట్టి కత్తి లేపినాడు.

సుబ్బలక్ష్మమ్మ గాజులోడికి చాపినట్టు, ఆ చేతి మీదికి తన చేయి చాపింది.

గాజులు ఎగిరినాయి. రెండు వేళ్ళు పంచె అంచు దాకా దొర్లి ఆగినాయి.

వాడు మళ్ళీ కత్తి లేపజూసినాడు. నీడ చూపింది ఒక్క దెబ్బే. కత్తి బల్లను పట్టుకొని ఊడి రాలేదు. అరుపులకు కొలిమి నుంచి పరిగెత్తుకొచ్చిన నరసింహ సుత్తితో వాని మోచేయి విరగ్గొట్టి, పోలీసులొచ్చేదాకా వాని మీదే కూచున్నాడు.

పెద్దాసుపత్రిలో కట్టు కట్టినారు. మత్తుకు సుబ్బలక్ష్మమ్మ కళ్ళు మూతలు పడుతున్నాయి. పెదవులు వాచిన జ్యోతి, బోసి మణికట్టుతో, ఆమె చెవి దగ్గరికి వంగింది.

"అన్నీ పెరిగినాయి జేజీ. వాడు తొడిగినేవి ఒక్కటి గూడా మిగల్లా."