వంటగట్టు మీద పందెం

అక్కతో పందెం వేసింది నేనే. ఎవరూ నన్ను రెచ్చగొట్టలేదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని మా ఇంట్లో ఎప్పటినుంచో ఒక మాట ఉంది. ఆ రోజు రెండే కాళ్ళన్నాను.

"ఈ శని, ఆదివారాల్లో నాన్నా నేనూ కలిసి వంటింట్లో గ్రానైట్ గట్టు వేస్తాం. కొలతలు ఆయనవే, మాట ఆయనదే. నావి చేతులు మాత్రమే. గట్టు సరిగ్గా కూర్చుంటే నాన్న నా దగ్గరే ఉంటాడు. నువ్వు మళ్ళీ ఆ హోమ్ ఊసెత్తకూడదు."

"కూర్చోకపోతే?" అంది అక్క.

"నీ ఇష్టం."

అక్క నర్సు. రోగుల బంధువులు అరిస్తే ఎంత నెమ్మదిగా జవాబు చెబుతుందో నాకూ అంత నెమ్మదిగానే చెప్పింది. మతిమరుపు వాళ్ళని చూసుకునే ఆ హోమ్‌లో ఒక మంచం ఖాళీ అయిందట. ఆదివారం సాయంత్రం ఆరులోగా మనిషి చేరకపోతే అది ఇంకొకరికి ఇచ్చేస్తారట. "అప్పటిదాకా నీ ముచ్చట తీర్చుకో" అని ఫోను పెట్టేసింది. ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది.

నాన్న నలభై ఏళ్ళు గ్రానైట్ మేస్త్రిగా చేశాడు. ఎన్ని వంటిళ్ళకి గట్లు వేశాడో లెక్క లేదు. మా ఇంట్లో మాత్రం అంచులు పగిలిన పాత టైల్స్ గట్టే. అమ్మ బతికున్నంతకాలం అడిగింది, ఆయన అడిగినప్పుడల్లా "వచ్చే నెల" అన్నాడు. అమ్మ పోయాక ఆ మాట ఎత్తేవాళ్ళే లేకపోయారు.

రెండేళ్ళ నుంచి ఆయనకి మతి తప్పుతోంది. మొదట మనుషుల పేర్లు పోయాయి. పేర్లు నాకూ గుర్తుండవులే అని నవ్వేశాను. తర్వాత చొక్కా మీద చొక్కా వేసుకుని వీధిలోకి వెళ్ళాడు. చలేసి ఉంటుందన్నాను. పోయిన నెల గ్యాస్ పొయ్యి తిప్పి, వెలిగించకుండానే స్నానానికి వెళ్ళిపోయాడు. పై ఇంట్లో ఉండే డ్రైవర్ వాసన పసిగట్టి వచ్చి ఆపాడు. నేను పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు దాకా మందుల షాపులో ఉంటాను. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమే?" అని అక్క అడిగితే, కన్నతండ్రిని వదిలించుకోవాలని చూస్తున్నావన్నాను. అనకూడని మాటే. అక్క చెప్పింది నిజమని నాకు తెలుసు. కానీ ఆయన లేని ఇంట్లోకి రోజూ రాత్రి నేనే తాళం తీసుకుని వెళ్ళడం ఊహించుకోలేకపోయాను.

శనివారం పొద్దున్నే గ్రానైట్ యార్డుకి వెళ్ళాం. పెద్ద పెద్ద ఇళ్ళకి కోయగా మిగిలిన పలకల్ని అక్కడ ఓ మూల గోడకి ఆనించి ఉంచుతారు, చవగ్గా వస్తాయి. గేటు దాటేసరికి నాన్న నడకే మారిపోయింది. మగ్గుతో నీళ్ళు తెప్పించి పలకల మీద పోయించాడు. నీళ్ళు ఆరేటప్పుడు పగులున్నచోట తడి గీతలా నిలబడుతుందని నాకు చూపించాడు. వేలి కణుపుతో కొట్టి విన్నాడు. రెండు పలకలు పక్కన పెట్టేశాడు. మూడోది నల్లటిది, మీద బూడిద రంగు చుక్కలు, అయిదున్నర అడుగుల పొడవు. "ఇది మంచి పిల్ల" అన్నాడు. సింకు కోసం రంధ్రం ఎక్కడ కోయాలో సుద్దముక్కతో గీసి, మిషను తిరిగినంతసేపూ పక్కనే నిలబడ్డాడు. యార్డు యజమాని నాతో, "మీ నాన్నగారికి టేపు ఎందుకమ్మా, కళ్ళు చాలవూ?" అన్నాడు. ఆ మాట వెంటనే అక్కకి ఫోన్ చేసి చెప్పాను. ఇంటికి వెళ్ళేదాకా ఆగే ఓపిక నాకెక్కడిది?

ఆ మధ్యాహ్నం ఉలీ సుత్తీ పెట్టి పాత టైల్స్ ఊడగొట్టాను. కింద ఇటుక గోడలు ఒకదానికంటే ఒకటి ఎత్తు తక్కువ ఉన్నాయి. సిమెంటు వేసి సమం చేస్తూ, "ఇప్పుడు సరిపోయిందా నాన్నా?" అని అడిగినప్పుడల్లా ఆయన బుడగ తేలే రసమట్టం నా చేతిలో పెట్టేవాడు.

"నన్నడుగుతావేం? బుడగనడుగు. అది అబద్ధం చెప్పదు, మొహమాటపడదు."

బుడగ నడిమధ్యకి వచ్చి ఆగింది. శనివారం సాయంత్రానికే నేను పందెం గెలిచేశాననుకున్నాను.

ఆదివారం పదింటికి అక్క కారులో వచ్చింది. వెనక సీట్లో కొత్త లుంగీలు, తువ్వాళ్ళు, పేరు కుట్టిన రెండు చొక్కాలు. చూడనట్టే ఊరుకున్నాను. పలక మొయ్యడానికి పై ఇంటి డ్రైవర్ కిందికి దిగాడు. అతన్ని చూసి, "కందకి లేని దురద కత్తిపీటకెందుకన్నా?" అని అక్క ఎగతాళి చేసింది. "కొత్త గట్టు వస్తేనైనా నాకు పొయ్యి ఆపే పని తప్పుతుందేమోనని ఆశ" అన్నాడతను. ముగ్గురం నవ్వాం. నాన్న కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే.

గ్రానైట్ పలకని ఎప్పుడూ అంచు మీద నిలబెట్టే మొయ్యాలి. అక్కకీ నాకూ అక్షరాలకంటే ముందు వచ్చిన పాఠం ఇది. సింకు రంధ్రానికి ముందూ వెనకా మిగిలేది రెండున్నర అంగుళాల పట్టీ. పడుకోబెట్టి ఎత్తితే బరువంతా ఆ సన్నటి పట్టీల మీద పడుతుంది. అవి ఆగవు.

వసారాలో గోడకి ఆనించిన పలక దగ్గరికి వచ్చి నాన్న అన్నాడు: "పడుకోబెట్టి ఎత్తండి. తలోవైపూ పట్టుకోండి."

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. "నిలబెట్టి కదా నాన్నా?"

"మేస్త్రి నువ్వా, నేనా?"

వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. తనూ విన్నది. నా మొహంలోకే చూస్తోంది. డ్రైవర్‌కి ఇవేమీ తెలియవు, చెప్పినట్టు వంగాడు.

కాదు నాన్నా అని ఒక్క మాట అంటే చాలు, రాయి మిగిలేది. కానీ ఆయన తప్పు చెప్పాడని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టయ్యేది, అదీ అక్క ముందు. ఈ ఒక్కసారికీ విరక్కపోతుందా అనుకున్నాను. నలభై ఏళ్ళు ఆయన మాట విన్న రాయి, ఇవాళ మాత్రం వినదా అనుకున్నాను. తెలిసి తెలిసి వంగాను.

"పట్టన్నా" అన్నాను.

నాలుగడుగులు వేశాం. గుమ్మం దగ్గర నా చేతుల్లో పలక వణికింది, ఫట్‌మని చప్పుడు, ఆ వెంటనే ఇంకోటి. ముందు పట్టీ, వెనక పట్టీ రెండూ పోయాయి. నా చేతిలో ఒక ముక్క, డ్రైవర్ చేతిలో ఒక ముక్క. కాళ్ళ మీద పడకుండా ఎలా దించామో మాకే తెలియదు.

నాన్న పరుగున వచ్చాడు. విరిగిన అంచు తడిమి చూశాడు. ఆయన మొహం ఎర్రగా కందిపోయింది.

"ఏ బుద్ధిలేనివాడు చెప్పాడు పడుకోబెట్టి మొయ్యమని?"

డ్రైవర్ నోరు తెరిచి నా వైపు చూశాడు. వద్దని తలూపాను.

"నేనే నాన్నా. పొరపాటైపోయింది."

"పొరపాటా? నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానే! సింకు కోసిన పలకని నిలబెట్టి మొయ్యాలని, కింద చెక్క కట్టాలని! మేస్త్రి కూతురివి, నీకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

ఒక్క మాట తప్పు పోలేదు. పాఠం మొత్తం ఆయన దగ్గర భద్రంగా ఉంది. రెండు నిమిషాల క్రితం సంగతి ఒక్కటే లేదు. తల వంచుకుని తిట్లన్నీ తిన్నాను. చిన్నప్పుడు ఆయన తిడితే ఎదురు తిరిగేదాన్ని. ఆ రోజు ఇంకాసేపు తిడితే బాగుండుననిపించింది.

నేను చెప్పలేదూ అని అక్క అంటే పోట్లాడటానికి సిద్ధంగా ఉన్నాను. అనలేదు. గోడవైపు తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. గెలిచినవాళ్ళు అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏడుపులెందుకిప్పుడు? రాయే కదా విరిగింది, అతుకుదాం" అన్నాడు నాన్న.

నిజంగానే అతికాడు. ముక్కల్ని నిలబెట్టి లోపలికి మోయించాడు, సిమెంటు పరిచి ఒకదాని పక్కన ఒకటి పడుకోబెట్టించాడు. విరిగిన అంచులు స్పిరిటుతో తుడిచాడు. అదే రాయిని ఆకురాయితో గీరి, ఆ పొడిని జిగురులో కలిపి రంగు తేల్చాడు. "పెద్దదానా, నువ్వు ఇక్కడ నొక్కిపట్టు. చిన్నదానా, బ్లేడందుకో" అని మాకు పనులు చెప్పాడు. అక్క కొత్త చీరకి జిగురంటింది, పట్టించుకోలేదు. సెలవురోజుల్లో ఆయన మమ్మల్ని పనికి వెంటబెట్టుకుని వెళ్ళేవాడు, అచ్చం అలాగే ఉంది. ఆ పని ఎప్పటికీ అవ్వకుండా ఉంటే బాగుండునని నాకు గట్టిగా అనిపించింది.

నాలుగింటికి అయిపోయింది. కళ్ళు దగ్గరగా పెట్టి వెతికితే తప్ప అతుకు కనిపించలేదు. బుడగ నడిమధ్యలో ఉంది. గట్టు సరిగ్గానే కూర్చుంది. నేనన్న మాట ప్రకారం పందెం నాదే. ఆ సంగతి అక్కా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. లోపలికి వెళ్ళి ఆయన మాత్రలు, కళ్ళజోడు, దువ్వెన ఒక సంచిలో సర్ది తెచ్చి అక్క చేతికిచ్చాను.

"ఆయనకి ఏమని చెబుదాం?" అంది అక్క. నేను హాల్లో ఆయన కోసం కుర్చీ లాగి పెట్టాను.

నాన్న చేతులు కడుక్కుని వచ్చాడు. పనిముట్లన్నీ తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. గోడ పక్కన కాస్త ఒదిగి నిలబడి నా వైపు చూశాడు.

"పని అయిపోయిందమ్మగారూ. రెండు రోజులు బరువులు పెట్టకండి. అతుకు దగ్గర తడి తగలనివ్వకండి."

ఇరవై తొమ్మిదేళ్ళలో ఆయన నన్ను మీరు అనలేదు.

"అలాగేనండీ" అన్నాను.

"మరి నేను బయల్దేరతానమ్మా. పొద్దు వాలకముందే ఇల్లు చేరాలి."

అక్క కళ్ళు తుడుచుకుని ముందుకొచ్చింది. "కారుంది. నేను దింపుతాను, రండి."

"మీకెందుకు తల్లీ శ్రమ?" అన్నాడు గానీ మొహం విప్పారింది. "సరే పదండి. తొందరగా వెళ్తేనే మంచిది. మా చిన్నమ్మాయి నేను వెళ్ళేదాకా అన్నం ముట్టదు. మహా మొండిది."

గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. "మీ చిన్నమ్మాయిని అడిగానని చెప్పండి" అన్నాను.

"చెబుతానండీ" అన్నాడు నాన్న. సంచి భుజాన వేసుకుని, పిల్ల ఆకలితో ఉంటుందని తొందర తొందరగా మెట్లు దిగి కారెక్కాడు.