చెన్నరాయుడి గొంగళి

నంద్యాల సీమలో ఎండను ఎవరూ తిట్టరు. తిట్టి లాభం లేదని పుట్టిన ఏడాదికే తెలిసిపోతుంది. ఆ కసంతా చలి మీద తీర్చుకుంటారు. చలి పాపం చుట్టపుచూపుగా వచ్చి, నెల తిరక్కుండానే పోతుంది. ఆ నెల రోజుల్లో ఆళ్లగడ్డ రంగనాథం దాన్ని తిట్టినన్ని తిట్లు మాత్రం ఊరంతా కలిసి తిట్టి ఉండదు.

రంగనాథం అహోబిలం అర్చకుల వంశం వాడు. తండ్రి కాలంలోనే ఆళ్లగడ్డకు వచ్చి ఉండిపోయారు. అక్కడికి రెండు క్రోసుల దూరంలో రేగడిపల్లె అని ఒక ఊరుంది. ఆ ఊరి గుళ్ళో దేవుడు చెన్నరాయుడి పూజ వీళ్ళింటిది. పూజ చేసేవాడికి నాలుగెకరాల మాన్యం. ఏడాదిలో పదకొండు నెలలు రంగనాథం పొద్దెక్కాక తీరిగ్గా సైకిలెక్కి పోయి, దేవుడి మీద నాలుగు పూలు వేసి, దేవుడికీ తనకూ ఇబ్బంది లేకుండా తిరిగొచ్చేవాడు. ధనుర్మాసం వస్తేనే చిక్కు. ఆ నెలంతా సూర్యుడి కంటే ముందు దేవుణ్ణి లేపి వేడి పొంగలి పెట్టాలి. దేవుణ్ణి లేపాలంటే ముందు రంగనాథం లేవాలి. దేవుడైతే పిలవగానే లేచేవాడు.

దానికి తోడు మడి. చన్నీళ్ళు తల మీద గుమ్మరించుకొని, తడి పంచె కట్టుకొని, చొక్కా లేకుండా సైకిల్ తొక్కాలి. చొక్కా వేస్తే మడి పోతుంది, వెయ్యకపోతే ప్రాణం పోతుంది. ఉన్నికి మైల అంటదు కాబట్టి వాళ్ళ నాయన ఉన్ని శాలువ కప్పుకొని పోయేవాడు. ఆ శాలువ పెట్టెలోనే చిమ్మెటల పాలైంది. కొత్తది కొందామంటే యుద్ధకాలం, గుడ్డ మీద కంట్రోలు.

అందుకని ఎంత చలి ఉంటే సైకిలెక్కకూడదో తేల్చడానికి రంగనాథం ఒక శాస్త్రం కనిపెట్టాడు. వంటింటి గిన్నెలో నెయ్యి పేరుకుంటే చలి మితిమీరినట్టు. పేరుకోకపోతే పోవచ్చు. ధనుర్మాసంలో నెయ్యి పేరుకోని ఇల్లు ఆ సీమలో ఒక్కటుంటే చూపించండి, నేనే పోయి ఆ నేతికి దండం పెట్టి వస్తాను. ఆయన భార్య కమలవల్లి ఏమంత అమాయకురాలు కాదు. మొగుణ్ణి లేపే ముందే గిన్నెను పొయ్యి పక్కకు జరపడం మొదలుపెట్టింది.

"చూడండి, నూనె మాదిరి పారతాంది. లేవండి."

రంగనాథం దుప్పట్లోంచి ఒక్క వేలు మాత్రం బయటికి తీసి గిన్నెను తాకాడు. "ఇది పొయ్యి వేడి. పొయ్యి వేడి లెక్కలోకి రాదు."

"పోనీ, గొంగళి కప్పుకొని పోండి. అదీ ఉన్నే గదా."

"నేనేమన్నా గొర్లు కాస్తాండానా? చూసినోళ్ళు నవ్వరా?"

"ఆ యాళప్పుడు చూసేదెవరు? చెన్నరాయుడు కూడా నిద్రలోనే ఉంటాడు."

రంగనాథం వేలు లోపలికి లాక్కున్నాడు. అలా వరసగా రెండు రోజులు రేగడిపల్లె జనం చీకట్లో గుడి ముందర నిలబడి, నిలబడి, ఇళ్ళకు పోయారు.

రెండో రోజు మధ్యాహ్నం రాములమ్మ వచ్చి వాకిట్లో నిలబడింది. రాములమ్మ రేగడిపల్లె గొర్లకాపరుల ఇంటి ముసలమ్మ. మొగుడు పోయాడు, నోరు మిగిలింది. కోడి కంటే ముందు లేచి గుడి ముంగిలి ఊడ్చి ముగ్గేసేది ఆమే.

"ఏమయ్యోరా, రెండు దినాలు రాకపోతివి. జొరమా?"

"చలి, రాములమ్మా."

"ఓహో, చలా." ఆమె కొంగు బిగించి నడుముకు చెక్కుకుంది. "మా పెద్దరెడ్డి ఒక మాట చెప్పి రమ్మన్నాడు. నంద్యాలలో మీ దాయాది కృష్ణస్వామి ఉండాడంట. ఆయప్పకు చలి గిలి లేదంట. ఇంకొక్క దినం నువ్వు రాకపోతే ఆయప్పనే పిలిపిస్తాడంట. పూజా ఆయప్పకే, మాన్యమూ ఆయప్పకే. చెప్పమన్నాడు, చెప్పినా."

చెప్పి ఆమె వెళ్ళిపోయింది. రంగనాథం అరుగు మీద కూలబడ్డాడు. పూజ పోతే మాన్యం పోతుంది. మాన్యం పోతే ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది, ఇక నెయ్యి పేరుకుంటేనేం, కరిగితేనేం? అతనికి చేతనైన పని ఈ పూజ ఒక్కటే. అదీ అంతంతమాత్రమే.

అప్పటికప్పుడు బొగ్గు బస్సెక్కి నంద్యాలకు పరిగెత్తాడు. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు కరువై బస్సులు బొగ్గు తింటున్న రోజులవి. ఎత్తు వచ్చిన చోటల్లా జనం దిగి తోశారు. రంగనాథం తోసినట్టు నటించాడు. నంద్యాల బజారులో శాలువ కాదు గదా, ఉన్ని పోగు కూడా లేదు. ఉన్నదంతా మిలిటరీ వాళ్ళకు పోయిందన్నారు. దుడ్లు పెట్టి కొంటానన్నా లేదన్నారు. దురదృష్టం ఒంటరిగా రాదు, కృష్ణస్వామిని వెంటబెట్టుకొని వస్తుంది. సాయంకాలం అతను కుందూ ఏట్లో మునిగి, తడి పంచెతో, వీధి మధ్యలో, నలుగురికీ కనపడేటట్టు నడిచొస్తున్నాడు.

"చలంటే ఏందిరా తమ్ముడూ? అది మనసులో పుట్టేది," అన్నాడు కృష్ణస్వామి. "రేగడిపల్లె వాళ్ళు కబురు పెట్టినారు. నేనై నేను అడగలేదు సుమా."

రంగనాథం మనసులో ఆ క్షణాన పుట్టింది చలి కాదు. అది ఏమిటో రాస్తే బాగుండదు.

తిరిగి ఆళ్లగడ్డలో దిగి, ఇంటికి పోకుండా లాల్ సాహెబ్ సైకిల్ షాపుకు పోయాడు. సైకిల్‌కే ఏదైనా రోగం ఉందని ఆయన చేత అనిపిస్తే కొంత మర్యాద దక్కుతుందని ఆశ. లాల్ సాహెబ్ షాపు ముందర తన మేకకు గోనెసంచి కప్పి, కడుపు కింద పురికొస కడుతున్నాడు.

"లాల్ సాహెబ్, ఈ చలికి ట్యూబులు పగుల్తాయంటారే, నిజమేనా?"

"ఎవుడన్నాడు సామీ? ట్యూబుకు చలి లేదు, చెయినుకు చలి లేదు. సీటు మీద కూసున్నోనికే చలి."

"మరి మేకకు?"

"పాపం, నోరు లేని జీవం సామీ. చలైతాదని అది చెప్పుకోలేదు గదా. మనమే చూసుకోవాల."

నోరు లేని జీవం! రంగనాథం కళ్ళు మెరిశాయి. అట్లాంటి జీవం రేగడిపల్లెలో ఇంకొకటి ఉంది. దానికి చలేస్తోందో లేదో చెప్పే అధికారం ఈ భూమ్మీద రంగనాథానికి ఒక్కడికే ఉంది.

మర్నాడు గిన్నె వైపు చూడకుండానే లేచాడు. పళ్ళు కొరుక్కుంటూ సైకిల్ తొక్కి, చీకటి ఉండగానే రేగడిపల్లె చేరాడు. జనం వచ్చాక గర్భగుడిలోంచి బయటికొచ్చి, చేతులు రెండూ చంకల్లో పెట్టుకొని నిలబడ్డాడు. వణుకు నటించాల్సిన అవసరం లేకపోయింది.

"ఏమని చెప్పేది రెడ్డిగారూ! స్వామిని తాకితే నా చెయ్యి కొంకర్లు పోయింది. చలికి తట్టుకోలేకుండా ఉండారు. ఇట్లా చీకట్లో లేపి చన్నీళ్ళు పొయ్యడం మహాపాపం. ఎండ గడప దాకా వచ్చినాక లేపితే..."

పెద్దరెడ్డి మీసం మీద చెయ్యి పెట్టాడు. "మా తాతల నాటి నుంచి లేని చలి ఇప్పుడెట్లా వచ్చె?"

"ఆయనకూ వయసు మీద పడతాంది గదా."

రెడ్డి గర్భగుడిలోకి తొంగి చూశాడు. ఇంతలో రాములమ్మ చీపురు కింద పడేసి, "అయ్యో నా తండ్రీ, చలైతాదని ఒక్కనాడన్నా చెప్పకపోతివే!" అంటూ ఇంటికి పోయింది. పోయినంత వేగంగా తిరిగొచ్చింది. చేతిలో నల్లటి గొంగళి. "మా ఆయప్ప నేసింది. సామికి కప్పు అయ్యోరా."

రెడ్డి మొహం విప్పారింది. "చాలుపో. గొంగళి కప్పినాక ఇంక చలేంది? లేపేది మాత్రం ఎప్పటి మాదిరే. అయితే ఒకటుండాది. రాత్రిపూట అది జారిపోతే సర్దేదెవరు? అయ్యోరా, నెల పోయేదాకా నువ్వు గుళ్ళోనే పండుకో. సామికి ఎప్పుడు చలైతాదో నీకే గదా తెల్సేది. నీకూ సైకిల్ తొక్కే బాధ తప్పుతాది."

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడడం మామూలే. రంగనాథం గోతి తీసి, చదును చేసి, చాప పరుచుకొని మరీ పడ్డాడు.

ఆ రాత్రి సంగతి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. మండపం బండ మీద చాప, చాప మీద పలచటి దుప్పటి, నాలుగు దిక్కుల నుంచీ గాలి. సైకిల్ మీద చలైతే ఊరు రాగానే అయిపోతుంది. ఈ చలికి ఊరు లేదు. గర్భగుడిలో దీపం వెలుగులో చెన్నరాయుడు మెడ దాకా గొంగళి కప్పుకొని నవ్వుతున్నాడు. ఆ నవ్వు రోజూ ఉండేదే. ఆ రాత్రి మాత్రం రంగనాథానికి అది తనను చూసి నవ్వినట్టే ఉంది. చాలాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత లేచి, లెంపలు వేసుకొని, "కాసేపే స్వామీ, మళ్ళీ ఇచ్చేస్తా" అని గొంగళి తీసుకున్నాడు. గొర్లకాపరి గొంగళి ఇంత వెచ్చగా ఉంటుందని అతనికి తెలియదు. కాసేపు కాస్తా తెల్లవారుజాము దాకా సాగింది.

చీపురు చప్పుడుకు మెలకువ వచ్చింది. కళ్ళు తెరిస్తే ఎదురుగా రాములమ్మ. ఆమె గర్భగుడి వైపు చూసింది. చెన్నరాయుడు ఉత్త వంటితో ఉన్నాడు. మండపం వైపు చూసింది. పూజారి గొంగళిలో ఉన్నాడు. ఈమె ఒక్క కేక వేస్తే ఊరంతా వస్తుంది, మధ్యాహ్నానికి కృష్ణస్వామి బస్సెక్కుతాడు.

"స్వామికి... ఉక్కపోసింది రాములమ్మా," అన్నాడు. అని, నాలుక కరుచుకున్నాడు.

రాములమ్మ కేక వెయ్యలేదు. అప్పుడు చూశాడు రంగనాథం. ఆమె తల మీద నుంచి గోనెసంచి కప్పుకొని, గొంతు కింద పురికొస కట్టుకొని ఉంది. లాల్ సాహెబ్ మేక మాదిరే. చేతిలో చీపురు వణుకుతోంది.

"ఆ గోనె ఏంది? నీ గొంగళి ఏమాయె?"

"నువ్వు కప్పుకున్నదే."

"ఇంకొకటి లేదా?"

"యాడ నుంచి వస్తాది? నేసేటోడు పాయె."

రంగనాథానికి సిగ్గేసింది. జన్మలో సిగ్గుపడాల్సిన చోట్ల పడకుండా దాటేసినవన్నీ కలిసి ఆ పొద్దు ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. లేచి నిలబడి, "నిన్న నేను చెప్పింది..." అన్నాడు.

"తెల్సులే అయ్యోరా. రాయికి చలేంది? నేను కాపరానికి వచ్చిన కాడి నుంచి ఈ గుడి ఊడుస్తాండా. ఆ రాయి ఒక్కనాడన్నా వణికింది లేదు. నువ్వు వణుకుతాంటివి. నీకిస్తే తీసుకుంటావా? గొర్లోళ్ళదని మూతి తిప్పుతావు. సామికని ఇస్తే తీసుకుంటివి."

"మరి... నా పూజ పోతే నీకేం నష్టం?"

"ఆ కృష్ణస్వామి కనపడినోళ్ళనల్లా చలంటే ఏందని అడుగుతాడంట. ఈడికొస్తే దినామూ పొద్దున్నే నన్నే అడుగుతాడు. ఆయప్పతో నేను యాడ పడేది? చలి తెల్సినోడే నయం." అని మళ్ళీ ఊడవసాగింది.

కాసేపటికి జనం వచ్చారు. పొంగలి నైవేద్యం అయింది. రెడ్డి శేషవస్త్రం కోసం మెడ కొద్దిగా ముందుకు వంచి నిలబడ్డాడు. దేవుడి వంటి మీద ఉన్న వస్త్రం ముందుగా కప్పించుకునేది ఆ ఊళ్ళో ఆయనే. రంగనాథం మళ్ళీ స్వామికి కప్పి ఉంచిన గొంగళిని గర్భగుడిలోంచి తెచ్చి, రెడ్డిని దాటిపోయి, మండపం మూల నిలబడిన రాములమ్మ భుజాల మీద వేశాడు.

"ఏందయ్యోరా ఇది?" అన్నాడు రెడ్డి.

"స్వామి ఆజ్ఞ. చలి తగ్గిందంట. గొంగళి రాములమ్మకు కప్పమన్నారు."

"ఎప్పుడు చెప్పినాడు?"

"రాత్రి. మీరే గదా నన్ను ఈడ పండుకోమంటిరి."

రెడ్డి వంచిన మెడ మెల్లగా పైకెత్తాడు. "అయితే కాపలా?"

"అది అక్కర్లేదని ముందే చెప్పినారు."

రాములమ్మ గొంగళి మొహం మీదికి లాక్కుంది. ఏడ్చిందో నవ్విందో రంగనాథానికి కనపడలేదు. పోతూ పోతూ అతను స్తంభం దగ్గర ఆమె వదిలేసిన గోనెసంచి తీసుకొని సైకిల్ వెనక పెట్టుకున్నాడు.

మర్నాడు కమలవల్లి నేతి గిన్నె తెచ్చింది. ఈసారి పొయ్యి దగ్గర పెట్టలేదు. నెయ్యి రాయిలా ఉంది. "ఈపొద్దు నిజంగానే ఎక్కువుండాది," అంది, జాలిపడి. రంగనాథం అప్పటికే తడి పంచె మీద గోనెసంచి తలకు కప్పి పురికొస ముడేసుకుంటున్నాడు.

"అయ్యో, ఏందిది? చూసినోళ్ళు నవ్వరా?"

"నవ్వనీ. నార గూడా మడే," అని సైకిలెక్కాడు.

రేగడిపల్లెలో రాములమ్మ గొంగళి కప్పుకొని ముగ్గేస్తోంది. సైకిల్ చప్పుడు విని తలెత్తింది. గోనెసంచిని చూసింది, దాన్లోని మనిషిని చూసింది.

"చలిగా లేదా అయ్యోరా?"

రంగనాథం పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. వాటి మధ్యలోంచి మాట బయటికి రావడానికి కొంతసేపు పట్టింది.

"చలా? యాడుంది?" అన్నాడు.